వదులైన మొలతాడు

సుబ్బరాయన్ పొట్ట ఒక్క రోజులో వచ్చింది కాదు. దాని వెనక ఒక బోరుబావి, ఒక కరెంటు మోటారు, ఒక మోపెడ్ ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా అక్కమ్మ చేతి నెయ్యి ఉంది. అరవదేశంలో, పాపారపట్టికి కూతవేటు దూరంలో ఉన్న ఆ పల్లెలో తెలుగువాళ్ళ ఇళ్ళు పదిహేనో ఇరవయ్యో ఉంటాయి. వాటన్నిటిలో పొట్ట ఉన్న మగవాడు ఆయనొక్కడే. మిగతావాళ్ళకు పొట్ట పెంచుకునేంత తీరిక ఎక్కడిది?

ఒకప్పుడు ఆయనా ఎండుకట్టె లాంటి మనిషే. తెల్లవారకముందే బావి దగ్గర కపిల తోలి నీళ్ళు తోడేవాడు. ఎద్దుల వెనక ఆ ఏటవాలు బాటలో దిగడం, ఎక్కడం, మళ్ళీ దిగడం, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అదే పని. ఇంటికొచ్చి పెద్ద రాగిసంగటి ముద్ద, పులిసిన మజ్జిగ, ఒక ఉల్లిగడ్డ తిని మళ్ళీ చేలోకి పోయేవాడు. బోరులో నీళ్ళు ఎగిసిన ఏడాది ఎద్దులను అమ్మేశారు. మెట్టచేలోకి వరి వచ్చింది, చెరుకు వచ్చింది. మీట నొక్కితే నీళ్ళు పారుతున్నప్పుడు మనిషి నడవాల్సిన పనేముంది? మోపెడ్ కొన్నాక ఆయన పక్కనున్న చేనికి కూడా దాని మీదే పోయేవాడు. ఇంట్లో మూడు పూటలా తెల్లన్నం ఉడికింది. రాగులు ఇక కూలీలకు పోసే గంజికే పరిమితమయ్యాయి.

ఇందులో అక్కమ్మ సంతోషం చెప్పనలవి కాదు. ఆమె సుబ్బరాయన్‌కు అక్క, అత్త కూడా. తల్లి పోతే చంకనెత్తుకుని పెంచిన తమ్ముడికే తన కూతురు గోపమ్మను ఇచ్చి చేసింది. అందువల్ల గోపమ్మకు పుట్టినప్పటి నుంచీ అలవాటైన 'మామా' అనే పిలుపును పెళ్ళయ్యాక మార్చుకునే పని పడలేదు. కరువు ఏట తమ్ముడికి గంజిలోని మెతుకులు పెట్టి, పైతేట తను తాగి బతికిన మనిషి అక్కమ్మ. తమ్ముడి ఒంటి మీద చేరిన ప్రతి మడతా ఆమెకు ఆ కరువు మీద గెలుపే.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఉగాది నాడు మగవాళ్ళకు తలంటి, పాత మొలతాడు తీసేసి కొత్తది కడతారు. తాడు కొనకూడదు, ఇంటి పెద్ద ఆడది నల్లనూలు తొడ మీద పేనాలి. ఏటేటా అక్కమ్మ పేనే తాడు పొడుగు పెరుగుతూ వచ్చింది. పాత తాడు, కొత్త తాడు పక్కపక్కన పెట్టి, పండక్కి వచ్చిన చుట్టాలందరికీ చూపించేది. "చూడండమ్మా, పోయినేటికి ఇంత, ఈ ఏటికి ఇంత" అని మురిసిపోయేది. ఆడవాళ్ళు కూడా ముక్కున వేలేసుకుని, గోపమ్మ అదృష్టాన్ని మెచ్చుకుని పోయేవాళ్ళు. గోపమ్మకు కూడా లోలోపల గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు?

ఎనభై ఆరో సంవత్సరం ఎండాకాలంలో సుబ్బరాయన్‌కు దాహం పట్టుకుంది. చెంబు తర్వాత చెంబు తాగినా గొంతు ఎండిపోయేది. తిన్న వెంటనే కునికిపాట్లు. వీపు మీద లేచిన గడ్డ చితికింది కానీ మానలేదు. అక్కమ్మ దిష్టి తీసింది, వేడి చేసిందని మెంతులు నానబెట్టి ఇచ్చింది. గోపమ్మే పట్టుబట్టి ధర్మపురికి తీసుకుపోయింది.

బస్టాండు వెనక సందులో డాక్టర్ శ్రీనివాసన్ అని ఒకాయన ఉండేవాడు. ఆయన మాట్లాడేది అరవమే. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం అన్నట్టు బతికే మనుషులకు అదేమీ కొత్త కాదు. ఆయన ఒక గాజుగొట్టంలో నీలం మందు పోసి, అందులో సుబ్బరాయన్ మూత్రం చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచాడు. గోపమ్మ కళ్ళముందే నీలం ఆకుపచ్చయింది, ఆకుపచ్చ పసుపయింది, చివరికి కాలిన ఇటుక రంగుకు దిగింది.

"నీలంగానే ఉండాల్సిందమ్మా ఇది" అన్నాడు డాక్టరు. "చక్కెర రొంబ ఎక్కువగా ఉంది."

"మా ఇంట్లో సక్కెర కొనేదే లేదు సార్" అన్నాడు సుబ్బరాయన్, దొంగతనం అంటగట్టినట్టు ఉలిక్కిపడి. "కాపీకి కూడా మా తోట చెరుకు బెల్లమే ఏస్తాము."

"బెల్లమైనా చక్కెరైనా లోపలికి పోయాక ఒకటేనయ్యా. మూడు పూటలా తినే ఆ తెల్లన్నమూ చక్కెరగానే మారేది. అన్నిటినీ మించి, ఇదిగో, ఇది." డాక్టరు ఆయన చొక్కా పైకెత్తి పొట్ట మీద చెయ్యి వేశాడు. మొలతాడు కిందికి వేలు దూర్చబోతే దూరలేదు. తాడు ఒరుసుకుని నడుం చుట్టూ నల్లటి గాడి పడింది. "ఈ కొవ్వు లోపల కూర్చుని, తిన్నది ఒంటికి పట్టకుండా అడ్డం పడుతుంది. ఈ తాడు వదులు కావాలి. రాగులు తిను, ఆకుకూర తిను, అన్నం సగానికి సగం తగ్గించు. ఆ మోపెడ్ అవతల పారేసి నడువు."

మాత్రలు రాసిచ్చాడు. ఒక్క పూట కూడా మానొద్దన్నాడు. నెలకొకసారి వచ్చి పరీక్ష చేయించుకోవాలని, కాళ్ళకు దెబ్బ తగలకుండా చూసుకోవాలని కూడా చెప్పాడు. గోపమ్మ అన్నిటికీ తల ఊపింది. కానీ బస్సెక్కి కూర్చునేసరికి ఆమె మనసులో నిలిచింది ఒక్క తాడు మాటే. చెప్పినవాటన్నిటిలో కంటికి కనపడేది, వేలితో కొలవగలిగేది అదొక్కటే మరి.

ఆ మర్నాడు ఇంట్లో యుద్ధం మొదలైంది. తమ్ముడి పళ్ళెంలో రాగిసంగటి ముద్ద చూసి అక్కమ్మ గుండెలు బాదుకుంది.

"ఏమే, కూలోళ్ళకు పోసే కూడు నా తమ్మునికి పెడతావా? ఎవురన్నా చూస్తే ఈ ఇల్లు దిగిపోయిందనుకోరా?"

"డాక్టరు చెప్పినాడమ్మా. ఈ పొట్ట, ఈ తొప్ప తగ్గకుంటే మామకు ప్రాణానికే ముప్పంట."

"తొప్పంట తొప్ప! వాని కండ్లు కుట్టినాయి. అన్నం తిని ఎవురన్నా చస్తారా? అన్నం లేక చచ్చేది నేను చూసినాను."

 గోపమ్మ పంతం వదల్లేదు. బియ్యం గదికి తాళం వేసి తాళంచెవి కొంగున ముడేసుకుంది. పొద్దున్నే మొగుణ్ణి లేపి చేనిదాకా నడిపించింది. సుబ్బరాయన్ మొహం మాడ్చుకుని సంగటి కెలికేవాడు, నాలుగు ముద్దలు మింగి లేచేవాడు. తలుపు సందులోంచి ఎవరైనా వస్తున్నట్టు కనిపిస్తే పళ్ళెం మీద తువ్వాలు కప్పేవాడు. ఆ తువ్వాలు కప్పడం చూడలేక గోపమ్మ వంటింట్లోకి పోయేది. ఆయన ఇష్టంగా తినేటప్పుడు ఎదురుగా కూర్చుని చూడటం ఆమె పెళ్ళినాటి నుంచీ ఎరిగిన ఒకే ఒక సుఖం. దాన్ని తన చేత్తో తనే తీసేసుకుంది.

ఇంట్లో సగం కడుపుతో లేచిన మనిషి పాపారపట్టి బజారులో మిగతా సగం ఎలా నింపుకుంటున్నాడో ఆమెకు తెలియదు. టీకొట్టు బల్ల మీద బోండాలు, మైసూరుపాకు, రెండు గ్లాసుల చక్కెర టీ. ఊరంతా చూస్తూనే ఉంది. పెళ్ళాం చేతిలో చిక్కిన మగవాడి మీద జాలితో ఒక్కరూ వచ్చి చెప్పలేదు.

ఒక సాయంత్రం మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా నడిచి వస్తుంటే సుబ్బరాయన్ ఒళ్ళంతా చెమటలు పోసి, చేతులు వణికి, గట్టు మీదే కూలబడ్డాడు. ఇంటికొచ్చి మాత్రల పొట్లం చూరులో దోపేశాడు.

"ఆ మాత్ర నన్ను చంపేస్తాదే. ఇంక నేను ముట్టను."

గోపమ్మ బతిమాలింది, కసిరింది. డాక్టరును అడిగి వద్దాం పద మామా అంది. ఆయన కదల్లేదు. ఆ నెల ధర్మపురికి పోలేదు. నాట్ల పని ఉందని పై నెలా పోలేదు. గోపమ్మకు భయంగానే ఉండేది. అప్పుడే మొలతాడు వదులు కావడం మొదలైంది.

మొదట ఒక వేలు దూరింది. గోపమ్మ నమ్మలేక మళ్ళీ మళ్ళీ దూర్చి చూసింది. కొన్నాళ్ళకు రెండు వేళ్ళు. దీపావళి నాటికి ఆమె పిడికిలి పట్టింది. సుబ్బరాయన్ నవ్వుతూ చేతులు పైకెత్తి నిలబడేవాడు, ఆమె తాడు పట్టుకుని లాగి చూసేది. ఇద్దరూ కొత్త దంపతుల్లా ఇకిలించుకునేవాళ్ళు. గడిచిన నెలలన్నిటిలో ఆ ఇంట్లో వినిపించిన నవ్వు అదే.

"చూసినావా, మాత్ర లేకుండానే కరిగిపోయింది" అన్నాడు సుబ్బరాయన్.

"అంతా ఆ సంగటి, ఆ నడకే మామా."

"ఇంక ధర్మపురి యాల? తాడే చెప్తా ఉంటే డాక్టరు ఏం చెప్పేది ఉండాది?"

అవును కదా అనుకుంది గోపమ్మ. డాక్టరు అడిగిందే జరుగుతోంది. ఆయన దగ్గరికి పోయి మళ్ళీ ఆ గాజుగొట్టం కాచడం, ఆ ఇటుకరంగు చూసి గుండె జారిపోవడం ఎందుకు? దాయాది తిమ్మప్ప ఒకసారి వాకిట్లో ఆగి, "ఏమమ్మా గోపమ్మా, సుబ్బరాయన్ ఇట్ల వాడిపోయినాడే, చెంపలు లోపలికి పోయినాయే" అంటే, "వాడలేదన్నా, తగ్గినాడు. డాక్టరే తగ్గమన్నాడు" అని తల ఎగరేసి చెప్పింది. తన కష్టం ఫలించిందన్న గర్వం ఆమెకు కళ్ళు కప్పేసింది. ఆయన మళ్ళీ చెంబులు చెంబులుగా నీళ్ళు తాగుతున్నాడన్నది ఆమె చూడకపోలేదు. నడిచే మనిషికి దాహం వేయదా అనుకుంది.

ఇక అక్కడి నుంచి ఆమె చెయ్యి మెత్తబడింది. ఇంత తగ్గినవాడికి ఒక పూట అన్నం పెడితే తప్పేమిటి? సంక్రాంతికి బియ్యం గది తాళం తీసి నెయ్యి పోసి బెల్లం పొంగలి వండింది. ఎన్నో నెలల తర్వాత సుబ్బరాయన్ తువ్వాలు కప్పుకోకుండా తిన్నాడు. వేళ్ళు నాకి, మళ్ళీ పెట్టమని పళ్ళెం ముందుకు జరిపాడు. ఎదురుగా కూర్చున్న గోపమ్మకు ఆనందంతో ఏడుపొచ్చింది. వారం తిరిగాక తాడు పట్టుకుని చూస్తే అప్పటికన్నా వదులుగా ఉంది! తిన్నా తగ్గుతున్నాడంటే రోగం వేళ్ళతో సహా పోయిందనే కదా అర్థం. తాళంచెవి కొంగులోంచి గూట్లోకి మారింది. మళ్ళీ మూడు పూటలా అన్నమే.

తిన్నకొద్దీ మనిషి చిక్కిపోతున్నాడేమని ఆ ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఆ ఉగాదికి అక్కమ్మ పేనిన తాడు పెళ్ళినాటి కొలతకు దిగింది. ఆమె దాన్ని చుట్టాలకు చూపించలేదు. తమ్ముడి పక్కటెముకలు తడిమి కళ్ళు తుడుచుకుంది. తీర్థమలై స్వామికి మొక్కుకుంది, రోగం పోయింది కాబట్టి తమ్ముడు చెప్పుల్లేకుండా కొండెక్కి తీర్థం స్నానం చేస్తాడని.

"ఈ నడుమ నా కాళ్ళు మొద్దు మొద్దుగా ఉండాయే. పత్తి మీద నడిచినట్టు ఉంటాది" అన్నాడు సుబ్బరాయన్ బయల్దేరే ముందు.

"తీర్థంలో మునిగితే అదీ పోతాది, పా మామా" అంది గోపమ్మ.

అరూరులో బస్సు ఆలస్యమైంది. కొండ కిందికి చేరేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. అక్కమ్మ మోకాళ్ళ నొప్పులతో కిందే చెట్టునీడన కూర్చుండిపోయింది. మొగుడూ పెళ్ళాం ఎక్కడం మొదలుపెట్టారు. గోపమ్మ పది మెట్లు ఎక్కేసరికే అరికాళ్ళు భగ్గుమన్నాయి. తడిపిన తువ్వాలు పరిచి దాని మీద నిలబడుతూ, మెట్టు అంచున కాస్త నీడ దొరికితే అక్కడికి ఉరుకుతూ, పళ్ళు బిగబట్టి ఎక్కింది. ముందూ వెనకా ఎక్కుతున్న జనమంతా అదే గెంతులాట.

సుబ్బరాయన్ ఒక్కడే నింపాదిగా నడుస్తున్నాడు. సగం కొండ దగ్గర ఆయాసం తీర్చుకోవడానికి ఆగాడు. కాలిన బండ మీద రెండు పాదాలూ ఆనించి నిలబడి, లోయలో కనపడే పొలాలు చూస్తూ, ఎవరో అరూరు ముసలాయనతో వానల సంగతి మాట్లాడుతున్నాడు. ఆ ముసలాయన నీడలో నిలబడి ఉన్నాడు. ఈయన పాదాల వంక చూసి, రెండు చేతులూ జోడించి, "స్వామి నీ మీద చల్లటి చూపు చూసినాడయ్యా. బండ నిన్ను కాల్చడం లేదు" అని అరవంలో అన్నాడు. పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. ఒకామె వంగి సుబ్బరాయన్ నిలబడ్డ బండను తాకి కళ్ళకద్దుకుంది.

గోపమ్మకు ఒళ్ళు పులకరించింది. తువ్వాలు మీద నిలబడి మొగుడికే దండం పెట్టింది. తన సంగటి, తన అలకలు, తన తాళంచెవి అన్నీ దేవుడి లెక్కలో చేరాయనుకుంది.

బండ మీంచి జారే తీర్థం కింద తలలు తడుపుకుని, దర్శనం చేసుకుని, సాయంత్రానికి కిందికి దిగారు. అక్కమ్మ తమ్ముడి కాళ్ళకు పసుపు రాద్దామని పాదం ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. అంతే, పెద్దగా అరిచింది. ఎడమ పాదం కమిలి ఊరుకుంది గానీ, కుడి అరికాలు తోలు మొత్తం బొబ్బలెత్తి చితికి, మట్టి, చిన్న రాళ్ళు దానికి అంటుకుని ఉన్నాయి. కింద ఎర్రటి మాంసం కనపడుతోంది.

"నొయ్యలేదా రా సుబ్బా?"

"లేదక్కా" అన్నాడు సుబ్బరాయన్. తన కాలిని తనే వింతగా వంగి చూసుకుంటున్నాడు. "ఏమీ తెలియలే."

గోపమ్మకు అప్పుడు భయం వేసింది. దేవుడి చల్లటి చూపు ఇలా ఉండదని ఆమెకు లోపల ఎక్కడో అర్థమైంది. అయినా తడి తువ్వాలు ఆ కాలికి చుట్టి బస్సెక్కించింది. ఊరికొచ్చాక ఆకుపసర్లు కట్టారు, పసుపు అద్దారు. నొప్పి లేదు కాబట్టి ఆయన కుంటకుండా తిరిగాడు. పుండు లోపలికి తొలుచుకుపోయింది. చూస్తుండగానే బొటనవేలు నల్లబడింది, ఇల్లంతా వాసన మొదలైంది. జ్వరంతో మనిషి మాట తడబడుతున్నప్పుడు కిరాయి కారులో ధర్మపురికి ఎత్తుకుపోయారు.

డాక్టర్ శ్రీనివాసన్ మొదట సుబ్బరాయన్‌ను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక కాలికి కట్టిన గుడ్డ విప్పి చూశాడు.

"ఎందుకు రాలేదమ్మా ఇన్నాళ్ళూ?"

"తాడు వదులైపోయింది సార్" అంది గోపమ్మ. "మీరు చెప్పినట్టే తగ్గినాడు కదా. తగ్గిపోయిందనుకున్నాము."

డాక్టరు కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆమెకు కొంచెం తేలికగా ఉండేది. ఆయన నెమ్మదిగా, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "తిండి తగ్గించి, నడిచి, మాత్ర వేసుకుని కరిగితే అది మంచిదమ్మా. ఇది అది కాదు. తిన్న అన్నమంతా చక్కెరయి మూత్రంలో పోయింది. కండకు తిండి అందక ఒళ్ళు తనను తానే తినేసింది. నెలకొకసారి వచ్చి ఉంటే ఆ గొట్టంలో కనపడేది. మొలతాడులో కనపడదు. కాళ్ళ నరాలు కూడా చచ్చిపోయాయి, అందుకే బండ కాల్చినా తెలియలేదు."

 గోపమ్మకు సంక్రాంతి పొంగలి గుర్తొచ్చింది. ఆయన పళ్ళెం ముందుకు జరపడం, తను మురిసిపోయి మళ్ళీ మళ్ళీ వడ్డించడం గుర్తొచ్చింది. నేనే చేసినాను, నా చేతులతో నేనే చేసినాను అని అరవంలోనో తెలుగులోనో తనకే తెలియకుండా గొణుక్కుంది.

అక్కడి నుంచి సేలం తీసుకుపోతే పెద్ద డాక్టర్లు చూసి, కాలు మోకాలి పైదాకా తీసేయాలన్నారు. తీయకపోతే విషం పైకెక్కి మనిషి దక్కడన్నారు. సెలైను ఎక్కుతుంటే సుబ్బరాయన్‌కు స్పృహ వచ్చింది. ఆ మాట విని పెళ్ళాం చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు ఆమెకు ఇప్పటికీ మణికట్టు మీద ఉంది.

"గోపమ్మా, వద్దే. నన్ను ఇంటికి తోలుకోని పో. చేన్లో చస్తాను గాని కాలు లేకుండా ఊర్లోకి రాను."

"మామా, ప్రాణం ఉండల్ల కదా."

"నువ్వు వేలిముద్ర ఏసినావంటే నాకు పెండ్లామే కాదు. మళ్ళీ నీతో మాట్లాడను. చెప్తా ఉండాను."

అక్కమ్మ మంచం కాళ్ళ దగ్గర కూలబడి, "అడుగుతా ఉండాడు కదే, ఇంటికి పిలుచుకోని పోదాం" అని ఏడ్చింది. ఒకసారి ఆయన అడిగినదల్లా పెట్టి ఇక్కడిదాకా తెచ్చాను, మళ్ళీ ఆయన అడిగింది ఇవ్వలేననుకుంది గోపమ్మ. మొగుడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసుకుని, బయటికి పోయి, కాగితం మీద వేలు ఒత్తింది.

సుబ్బరాయన్ బతికాడు. అన్న మాట మీద నిలబడ్డాడు కూడా.

ఆయన అరుగు మీద నులకమంచంలో గోడకు ఆనుకుని కూర్చుంటాడు. మోపెడ్‌ను తిమ్మప్ప తీసుకుపోయాడు. చెరుకు చేను కౌలుకు పోయింది. గోపమ్మ సంగటి తెచ్చి పెడితే, మొహం చూడకుండా అందుకుని మాట్లాడకుండా తింటాడు. ఏం కావాలన్నా అక్కను పిలుస్తాడు. అక్కమ్మ కూడా అన్నం పెట్టమని పోట్లాడటం మానేసింది. తమ్ముడు బెల్లం అడిగితే తల వంచుకుని లోపలికి పోతుంది.  పోట్లాడే మనిషి కూడా లేక ఇల్లు మరీ బోసిపోయింది. పొద్దూ మాపూ ఆయనకు మాత్రలు మింగించేది గోపమ్మే, నెలనెలా ధర్మపురికి బండి కట్టించేదీ గోపమ్మే. నిష్ఠూరమాడడానికైనా నోరు విప్పు మామా, ఒక్క మాట తిట్టు అని ఎన్నిసార్లు అడిగిందో. ఆయన వీధి వంక చూస్తూ ఉండిపోయేవాడు.

రెండో కాలిని రోజూ చూసుకోవాలని సేలం డాక్టరు మరీ మరీ చెప్పాడు. వేళ్ళ సందుల్లో, అరికాల్లో, మడమ వెనక చూడాలి. తాకితే తెలుస్తోందో లేదో అడగాలి. చిన్న మచ్చ కనపడినా ఆలస్యం చేయకుండా తీసుకురావాలి. అందుకని పొద్దున్నే గోపమ్మ ఆ కాలు పీట మీద పెట్టించి, నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో ఒత్తుతుంది. ఆ కాసేపు సుబ్బరాయన్ తల వెనక్కి వాల్చి పైకప్పు వాసాలు చూస్తూ ఉంటాడు. ఆమె అడిగినదానికి జవాబివ్వడు. తెలిస్తే పాదం కొద్దిగా కదిలిస్తాడు. దాన్నే జవాబనుకుని ఆమె ఊపిరి పీల్చుకుని లేస్తుంది.

ఆషాఢంలో, ఆడి నెల గాలులు మొదలైన ఒక ఉదయం గోపమ్మ ఎప్పటిలాగే చెంబుతో నీళ్ళు తెచ్చి పీట ముందు కూర్చుంది. చిటికెనవేలి పక్కన కందిగింజంత నల్లమచ్చ ఉంది. నిన్న లేదు. మట్టేమోనని, మసేమోనని మొహం దగ్గరికి పెట్టి చూసింది. కాదు. మచ్చ చుట్టూ చర్మం ఎర్రగా ఉబ్బి ఉంది.  తెలిస్తే చాలు, నొస్తే ఇంకా మేలు, ఈ కాలు బతికే ఉందన్నమాట అని దేవుళ్ళందరినీ తలుచుకుంది.

"మామా" అంది. "చిటికెనేలు పక్కన... ఇక్కడ తెలుస్తా ఉందా?"

సుబ్బరాయన్ వాసాల మీంచి చూపు తిప్పలేదు.

"తెలుస్తా ఉంది" అన్నాడు.

సేలం నుంచి వచ్చాక ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది. గోపమ్మకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ గొంతు వినడమే చాలన్నట్టు ఒక్క క్షణం మచ్చ సంగతి మరిచిపోయింది.

"నొస్తా ఉందా మామా?"

"నొస్తా ఉంది. బాగా నొస్తా ఉంది" అన్నాడు సుబ్బరాయన్ తొందర తొందరగా. మంచం పట్టె మీద ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి. "అంత గట్టిగా నొక్కొద్దే."

గోపమ్మ ఇంకా ఆ కాలు ముట్టుకోలేదు. ఆమె చేతులు రెండూ చెంబు మీదే ఉన్నాయి.